దావను బట్టి సైకిలు

వానపడ్డ మర్నాడు పలమనేరు, పుంగనూరు పక్క బండిదావల్లో సైకిలు తొక్కితే తెలుస్తుంది. ఎర్రమట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డు కింద బిగుసుకుపోతుంది. చక్రం తిరగదు. దిగి, పుల్లతో గీకి, పది గజాలు పోయేసరికి మళ్లీ అదే తంతు. దిగుడులో బ్రేకు పడితే తడిసిన రిమ్ము మీద రబ్బరు జారుతుంది.

ఇంగ్లండులో జెఫ్ యాప్స్ అనే సైకిలు రూపకర్తను పట్టి కుదిపింది కూడా ఈ బురదే. బకింగ్‌హామ్‌షైర్ చిల్టర్న్ కొండల్లో చలికాలమంతా అడవి దారులు చిత్తడి. కొండదారుల్లో తిరిగే సైకిలువాళ్లకు ఇంగ్లండులో 1955 నుంచే రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అనే సంఘం ఉంది. వాళ్లు తొక్కినవి మాత్రం మామూలు సైకిళ్లే, తొక్కలేని చోట ఎత్తుకుని నడిచేవాళ్లు. మోటార్‌సైకిల్ ట్రయల్స్ పోటీలు ఎరిగిన యాప్స్ 1979లో బురద కోసమే సైకిలు గీశాడు. ఫిన్లాండు నుంచి నోకియా మంచు టైర్లు తెప్పించాడు. వెడల్పు దాదాపు 2 అంగుళాలు. బ్రేకును రిమ్ము మీంచి తీసి హబ్బులోని డ్రమ్ములో పెట్టాడు, అక్కడికి బురద చేరదు. రాళ్లు, దుంగలు తగలకుండా పెడళ్ల ఇరుసును పైకెత్తాడు. మడ్‌గార్డు పీకెయ్యలేదు, దానికీ టైరుకూ మధ్య చోటు పెంచాడు. మనిషి నిటారుగా కూర్చునేలా హ్యాండిల్ అమర్చాడు.

క్లీలాండ్ పేరుతో ఆ సైకిళ్లు కొన్నే అమ్ముడయ్యాయి. 1984కల్లా ఆ వ్యాపారం ఆగిపోయింది. అదే కాలంలో కాలిఫోర్నియాలో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ బృందం పొడికొండల మీంచి వేగంగా దిగడానికి సైకిళ్లు కట్టింది. యాప్స్ వాళ్లకు టైర్లు కూడా పంపాడు. లోకమంతా పాకింది వాళ్ల నమూనానే. మన వానాకాలానికి మాత్రం యాప్స్ లెక్కే సరైనదని నా గట్టి నమ్మకం.

మనకూ సైకిలు బ్రిటన్ చలవతోనే వచ్చింది. 1949లో మురుగప్ప వ్యాపార కుటుంబం అక్కడి ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మద్రాసులో కంపెనీ పెట్టింది. అంబత్తూరులో తయారైన హెర్క్యులిస్, బీఎస్‌ఏ బండ్లు మన పల్లెలకు చేరాయి. వాటి 28 అంగుళాల చక్రం గుంతలను సులువుగా దాటుతుంది, వాలు ఫోర్కు అదురును కొంత మింగుతుంది. పాల క్యాన్లకని, గడ్డిమోపులకని మన మెకానిక్కులు క్యారేజీకి కడ్డీలు వెల్డింగు పెట్టారు, ఫోర్కుకు ఊతాలు బిగించారు. కానీ గేరు ఒక్కటే, ఎగుడొస్తే దిగి నెట్టాల్సిందే. రాడ్డు బ్రేకులు, మడ్‌గార్డు కింది ఇరుకు ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు తిరుపతి అంగళ్లలో బడిపిల్లలకు అంటగట్టే గేర్ల సైకిళ్లు చూడండి. ముందు షాకబ్జార్బరు, లావు టైర్లు ఉంటాయి. క్యారేజీ ఉండదు, సరైన మడ్‌గార్డు ఉండదు. వానలో బడికెళ్లే బిడ్డ వీపంతా బురదే. చవక షాకబ్జార్బరు బరువు పెంచడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. దానికయ్యే డబ్బుతో డ్రమ్ము బ్రేకు, ఎగుడెక్కే చిన్న గేరు, పుస్తకాల సంచి మోసే క్యారేజీ, వెడల్పాటి మడ్‌గార్డు ఇవ్వమని కంపెనీలను అడగాలి.