స్టీరింగ్ పట్టే ముందు.. కంటి పరీక్ష!

సదాశివనగర్‌లో బస్సు కోసం నిలబడితే కాసేపట్లో ఎన్ని లారీలు దాటిపోతాయో మీకు తెలిసిందే. హైదరాబాద్-నాగ్‌పూర్ 44వ నంబరు జాతీయ రహదారి మరి! డిగ్రీ చదువుతూనే ‘హెవీ లైసెన్స్ తీస్తే ఆర్టీసీలోనో, లారీ మీదో పని దొరుకుతుంది’ అనుకుంటున్నారా? మంచిదే. అయితే డ్రైవింగ్ స్కూల్‌లో ఫీజు కట్టేముందు ఒక్కసారి కళ్లు చూపించుకోండి.

ఎందుకంటే..

ఆర్టీసీలో 2014లో డ్రైవర్‌గా చేరిన ఒకాయనకు తర్వాతి వైద్య పరీక్షలో వర్ణాంధత్వం ఉన్నట్లు తేలింది. 2016లో ఉద్యోగం పోయింది. వేరే పని ఇవ్వమని కోర్టుకెక్కారు. తగిన మరో ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. గెలిచారు.. కానీ తొమ్మిదేళ్లు గడిచిపోయాయి. బకాయిల్లో దక్కింది 25 శాతమే.

ఏం చూస్తారు?

రవాణా వాహనం నడపాలంటే డాక్టర్ సంతకంతో ఫారం 1ఎ తప్పనిసరి. పగటి వెలుగులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు చదవగలరా? రేచీకటి ఉందా? హారన్ వినపడుతుందా? కాళ్లూ చేతుల్లో లోపముందా? రంగులు పోల్చగలరా? ఇవే ప్రధానం. చూపు తగ్గితే అద్దాలు పెట్టుకోవచ్చు. పుట్టుకతో వచ్చే వర్ణాంధత్వానికి మాత్రం మందు లేదు. చిన్నప్పటి నుంచీ అలాగే చూస్తారు కాబట్టి చాలామందికి తమకు ఉందనే తెలియదు. రంగు చుక్కల మధ్య అంకెను చదివించే చిన్న పరీక్షతో నిమిషాల్లో తేలిపోతుంది.

లైసెన్స్ వేరు, కొలువు వేరు

స్వల్ప, మధ్యస్థాయి వర్ణాంధత్వం ఉన్నా లైసెన్స్ ఇచ్చేలా 2020 జూన్‌లో కేంద్రం నిబంధనలు మార్చింది. అలాగని ఆర్టీసీలోనూ చెల్లుతుందనుకోకండి. అక్కడ వైద్య పరీక్ష వేరుగా ఉంటుంది.

ఇప్పుడేం చేయాలి?

రవాణా లైసెన్స్‌కు 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు కనీసం ఏడాది లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉండాలి. అంటే మీకు టైముంది. కామారెడ్డికి వెళ్లినప్పుడు కంటి డాక్టర్‌ను కలిసి చూపుతో పాటు రంగుల పరీక్ష కూడా చేయమని అడగండి. చూడకుండానే సర్టిఫికెట్ రాసిస్తామనే వాళ్లు తగిలితే దండం పెట్టి వచ్చేయండి. ఐదేళ్లకోసారి రెన్యువల్‌కూ మళ్లీ ఫారం 1ఎ ఇవ్వాల్సిందే. ఈరోజు దాచిన లోపం రేపు ఉద్యోగంలో బయటపడుతుంది.. లేదంటే రోడ్డు మీద! ఇప్పుడే తెలిస్తే దారి మార్చుకోవచ్చు. అంతా బాగుంటే ధైర్యంగా స్టీరింగ్ పట్టొచ్చు.