గ్యాస్ మాత్ర: ఎందుకు, ఎన్నాళ్లు?

బాగేపల్లి అయినా చింతామణి అయినా మెడికల్ షాపు ముందు వినపడే మాట ఒకటే: "అన్నా, ఒక షీటు గ్యాస్ మాత్రలియ్యి." అడిగేవారికి మందు పేరు అక్కర్లేదు, ఇచ్చేవారికి చీటీ అక్కర్లేదు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. అయినా పది రోజులకని మొదలైన మాత్ర పదేళ్లు సాగుతుంది. ఒకరోజు ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూసి, కిడ్నీలు పోతాయట అని రాత్రికి రాత్రే మానేస్తారు. నా లెక్కలో ఆ ధీమా ఎంత తప్పో ఈ భయమూ అంతే తప్పు.

అపోహ: మంట పుట్టినప్పుడు వేసుకుంటే చాలు.

అసలు "గ్యాస్ మాత్ర" అన్న పేరే తప్పు. ఇది గ్యాసును తీసెయ్యదు. బోరుబావుల సీమలో ఉన్నాం కాబట్టి ఇలా చెప్పుకుందాం. కడుపు గోడలో ఆమ్లాన్ని తోడే మోటార్లున్నాయి. అప్పటికే తోడిన ఆమ్లాన్ని మాత్ర ఏమీ చెయ్యలేదు. నడుస్తున్న మోటారును పట్టి బిగిస్తుంది, అంతే. ఆ మోటార్లు గట్టిగా నడిచేది తిన్నప్పుడు. మందేమో రక్తంలో కొద్ది గంటలే ఉంటుంది. అందుకే టిఫినుకు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. పూర్తి ఫలితానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. రాత్రి ముద్ద, బస్సారు తిని మంట లేచాక వేసుకుంటే సగం వృథా.

అపోహ: ఎంతకాలం వాడితే కిడ్నీలు, ఎముకలు, జ్ఞాపకశక్తి అంతగా పోతాయి.

గౌరీబిదనూరు తాలూకా హోసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్య బాగేపల్లిలో నేషనల్ కాలేజీ నెలకొల్పారు. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలరుగా ఉండగా 1976లో బాబాల మహిమలను పరీక్షించేందుకు కమిటీ వేశారు. చూశామన్నవాళ్ల మాట ఆయనకు చాలలేదు, పరీక్షకు నిలవాలన్నారు. మందుల వార్తలకూ ఆ పట్టుదలే కావాలి.

2016లో జర్మనీ బీమా రికార్డుల ఆధారంగా ఈ మాత్రలు వాడే వృద్ధుల్లో మతిమరుపు ఎక్కువని రాశారు. అదే ఏడు అమెరికా పరిశోధకులు దీర్ఘకాల కిడ్నీ జబ్బు సంగతి చెప్పారు. ఇవన్నీ రికార్డులు తిరగేసి చెప్పినవి. రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవారు మామూలుగానే వయసు మళ్లినవారు, బీపీ, షుగరు ఉన్నవారు, నాలుగైదు రకాల మందులు మింగేవారు. జబ్బు మాత్ర వల్లా, మాత్ర వేసుకునే మనిషి తీరు వల్లా అన్నది అందులో తేలదు.

తేలాలంటే లాటరీ తీసినట్టు సగం మందికి మందు, సగం మందికి ఉత్తి బిళ్ల ఇచ్చి చూడాలి. గుండె, రక్తనాళాల జబ్బున్న 17,598 మందితో జరిగిన కాంపాస్ పరీక్షలో అదే చేశారు. సుమారు మూడేళ్లు పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు వాడినవారికీ వాడనివారికీ కిడ్నీ జబ్బులో గానీ, ఎముకలు విరగడంలో గానీ, మతిమరుపులో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రం కాస్త ఎక్కువ: 1.4 శాతం, ఉత్తి బిళ్లవారిలో 1 శాతం. 2019లో వెలువడిన ఫలితాలివి. మూడేళ్ల పరీక్ష పదిహేనేళ్లకు హామీ కాదు, నిజమే.

అలాగని మాత్ర నీళ్లంత నిరపాయమూ కాదు. అరుదుగా కొందరికి కిడ్నీ హఠాత్తుగా దెబ్బతింటుంది. అందుకే కేంద్ర ఔషధ నియంత్రణాధికారి 2019లో ఆ హెచ్చరికను మందుతో వచ్చే కాగితంలో చేర్చమన్నారు. ఏళ్ల తరబడి వాడితే బీ12, మెగ్నీషియం తగ్గవచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారికి బీ12 దానివల్లా తగ్గుతుంది కాబట్టి, రెండూ వేసుకునేవారు కాళ్ల తిమ్మిర్లను "వయసు" అని సరిపెట్టుకోకుండా ఒక రక్తపరీక్ష చేయించుకోవాలి.

మన తాలూకాల్లో అసలు కథ వేరు. బాగేపల్లి, చింతామణి బోరునీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది. కీళ్లు, నడుము పట్టేస్తాయి. దానికి నొప్పిమాత్ర, అది కడుపును కోస్తుందని గ్యాస్ మాత్ర. ముసలివారికి, లోగడ అల్సరున్నవారికి ఆ తోడు అవసరమే. కానీ ఈ తోడు కడుపునే కాస్తుంది, కిడ్నీని కాదు. రోజూ మింగే నొప్పిమాత్రే కిడ్నీకి పెద్ద ముప్పు. అయినా నింద గ్యాస్ మాత్ర మీద పడుతుంది! కొందరిళ్లలో నొప్పిమాత్ర ఎప్పుడో ఆగిపోయి, గ్యాస్ మాత్ర మాత్రం అలవాటుగా మిగిలిపోయింది. అలాంటిదాన్నే ముందు ప్రశ్నించాలి.

అపోహ: మానితే మంట తిరిగొచ్చింది, కాబట్టి జీవితాంతం తప్పదు.

త్రీఫేజు కరెంటు వచ్చిన క్షణాన ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారి లేవడం చూశాం కదా, కడుపులోనూ అదే. అణిచి ఉంచినన్నాళ్లు శరీరం ఆమ్లం కోసం మరిన్ని సంకేతాలు పంపుతూ ఉంటుంది. మాత్ర ఆగగానే మామూలు కన్నా ఎక్కువ ఆమ్లం పొంగుతుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేనివారికి ఎనిమిది వారాలు మాత్ర ఇచ్చి ఆపితే, 44 శాతం మందికి కొత్తగా మంట, పులితేన్పుల వంటి బాధలు మొదలయ్యాయి. మాత్ర తాకనివారిలో అవి 15 శాతమే. కాబట్టి తిరిగొచ్చిన మంట జబ్బుకు రుజువు కాదు. కొన్ని వారాలు ఓర్చుకోవాలి, లేదా డాక్టరుతో మాట్లాడి మోతాదు మెల్లగా దించాలి. ఆ మధ్యకాలంలో మంటను తగ్గించే సిరప్ చాలు. బీపీ ఉన్నవారు వంటసోడా జోలికి పోకూడదు, అందులో సోడియం ఎక్కువ.

పట్టుపురుగుల ఇళ్లలో గూళ్లు కట్టే ముందు రోజుల్లో ఆకు వేసి రాత్రి పదకొండుకు తిని, తిన్న చోటే ఒరుగుతారు. ఆ మంటకు ముందు మందు వేళకు భోజనం. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి పడుకోవడం, మంచం తలవైపు కాళ్ల కింద ఇటుక పెట్టుకోవడం.

అందరూ మానకూడదు. అన్నవాహిక తీవ్రంగా పుండుపడినవారు, అల్సరు నుంచి రక్తం పోయినవారు, గుండెకు ఆస్పిరిన్‌తో పాటు రక్తం పలచబరిచే మరో మందు వాడేవారు డాక్టరు చెప్పనిదే ఒక్క రోజూ ఆపవద్దు.

అపోహ: రానిటిడిన్‌లో క్యాన్సర్ పదార్థం దొరికింది, కాబట్టి అన్నీ అంతే.

రానిటిడిన్ వేరే జాతి మందు. ఎన్‌డీఎంఏ అనే మలినం వల్ల అమెరికా 2020లో దాన్ని అంగళ్ల నుంచి తీయించింది. మన అత్యవసర మందుల జాబితా నుంచి 2022లో తొలగింది. ఆ కారణం పాంటోప్రజోల్‌కు అంటదు.

అపోహ: ఎదలో మంటంటే గ్యాసే.

మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం ఉంటే మాత్ర కాదు, ఎండోస్కోపీ కావాలి. ఎద బిగదీసి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే, గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూస్తూ పడుకోవద్దు. తాలూకా ఆసుపత్రిలో ఈసీజీ తీయడానికి పది నిమిషాలు చాలు.