బంగారు లేడి, కచేరీ బల్ల

భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున, సుమారు ముప్పైయైదు కిలోమీటర్ల దూరంలో పర్ణశాల ఉన్నది. వనవాసకాలంలో సీతారామలక్ష్మణులు ఇక్కడనే కుటీరం కట్టుకొన్నారని ఈ ప్రాంతపు ప్రజల విశ్వాసం. యాత్రికులు సీతవాగు చూస్తారు. అక్కడి బండలమీది రంగుచారలను సీతమ్మవారి నారచీర ఆనవాళ్ళని చెప్పుకొంటారు. సాయంకాలానికి భద్రాచలం తిరిగి వెళ్తారు. కాని కచేరీలో ఉద్యోగం చేసేవాడు అక్కడ మరికొంతసేపు నిలిచి ఆలోచించుకోదగిన కథ ఒకటి ఉన్నది. అది బంగారు లేడి కథ.

ఆ కథలో దృష్టి చెదరడం రెండు విధాలుగా జరిగినది. మొదటిది ఆకర్షణ: మెరిసే వస్తువు కంటపడినది, దానివెంట పోవడం జరిగినది. రెండవది కేక: మారీచుడు ప్రాణం విడుస్తూ రాముని కంఠంతో పిలిచాడు. లక్ష్మణుడు లేడినీ నమ్మలేదు, కేకనూ నమ్మలేదు. అయినను సీత పలికిన కఠినవాక్యాలకు తాళలేక తనకు అప్పగించిన కాపలా విడిచి వెళ్ళవలసివచ్చినది. ఆకర్షణకు లొంగనివాడు కూడా ‘అత్యవసరం’ అనే కేకకు లొంగిపోతాడని దీనివలన తెలుస్తున్నది.

నేటి కార్యాలయంలో ఈ రెండూ మన చేతిలోని చిన్న ఫోనులోనే నివసిస్తున్నవి. అందులోని వినోదం బంగారు లేడి. పై అధికారి పేరుమీద, ‘వెంటనే’ అనే మాటతో వచ్చే వాట్సాప్ సందేశం మారీచుని కేక. మొదటిదానిని విడిచిపెట్టడం సులభం. అది తప్పని మనకు తెలుసు. రెండవది కర్తవ్యం వేషంలో వస్తుంది. అందువలన రోజంతా పరుగెత్తి, సాయంకాలం బల్లమీది దస్త్రం ఉదయం ఉన్నచోటనే ఉండడం చూచి నిట్టూర్చేవారు మనలో ఎందరో ఉన్నారు.

దీనికి మందు ఏమిటి? మనోనిగ్రహం ఒక్కటే చాలదు. మన పూర్వులైన గుమాస్తాలు ఈ సంగతి బాగుగా గ్రహించారు.

భద్రాచలం ప్రాంతపు కాగితాలు తిరిగినన్ని కచేరీలు మరెక్కడి కాగితాలూ తిరిగి ఉండవేమో. ఈ సీమ 1860లో నిజాము ప్రభుత్వం నుండి ఆంగ్లేయుల పాలనలోనికి వచ్చినది. కొంతకాలం మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లాగా ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. 1959లో తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాకు మారినది. 2014లో చుట్టుపట్ల కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి; పర్ణశాల ఉన్న దుమ్ముగూడెం మండలం తెలంగాణలోనే నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైనది. ఇన్ని మార్పుల నడుమ ఒక రైతు పొలం హద్దు ఎక్కడ ఉన్నదో చెప్పగలిగేది ఎవరి జ్ఞాపకశక్తీ కాదు. సరిగా వ్రాసి, సరిగా భద్రపరచిన కాగితమే.

మద్రాసు రాజధాని రెవెన్యూ కచేరీలలో టాటెన్‌హామ్ పేరుతో ఒక పద్ధతి అమలులో ఉండేది. దాని గుర్తులు మన కార్యాలయాలలో చాలకాలం నిలిచినవి. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక ‘కరెంటు’ నంబరు ఇస్తారు. ఆ కాగితం ఎవరికి చేరినదో ఆ గుమాస్తా తన పర్సనల్ రిజిస్టరులో దానిని వ్రాసుకొంటాడు: వచ్చిన తేదీ, విషయం, ఏనాడు అధికారి ముందు పెట్టినది, ఏమి ఉత్తరువు అయినది. జవాబు రావలసినవాటికి రిమైండరు డైరీ. కొన్ని మాసాల తరువాత గాని కదలనివాటికి కాల్ బుక్. పని ముగిసినప్పుడు సైతం ఆ కాగితం ఎంతకాలం ఉండవలెనో అప్పుడే నిర్ణయిస్తారు: ఆర్‌.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పది సంవత్సరాలు, కె.డిస్. మూడు, ఎల్‌.డిస్. ఒకటి.

పైకి ఇది వట్టి యాంత్రికమైన వ్యవహారంగా కనిపిస్తుంది. కాని దీని లోపలి ఉపకారం వేరు. రిజిస్టరులోనికి ఎక్కిన విషయం తలలో నుండి దిగిపోతుంది. ‘ఆ జవాబు వచ్చినదా, ఈ గడువు దాటినదా’ అని మనస్సు మాటిమాటికీ వెనుకకు చూడవలసిన అవసరం ఉండదు. అప్పుడే ఎదుటనున్న ఒక్క దస్త్రం మీద అది నిలుస్తుంది. మన పక్కసీమ నేలకొండపల్లివాడైన కంచర్ల గోపన్న, అనగా భక్త రామదాసు, పాల్వంచ పరగణా తహశీలుదారుగా ఉండి సర్కారు సొమ్ముతో గుడి కట్టించి గోలకొండ చెరసాల పాలైన కథ అందరికీ తెలిసినదే. తానీషాకు ఆ సొమ్ము చెల్లించడానికి వచ్చిన రామలక్ష్మణులు సైతం రసీదు పుచ్చుకొన్నారని ఆ కథ చెబుతున్నది. భగవంతునికే రసీదు అవసరమైనప్పుడు మనం జ్ఞాపకశక్తిని నమ్ముకోవడం సాహసమే.

నా స్వానుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక వర్షాకాలపు రాత్రి భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం ఫోనులో విని వ్రాసుకొంటున్నాను. అంతలో రెండవ ఫోను మ్రోగినది. ఒక చెవి అటు, ఒక చెవి ఇటు పెట్టి, 48 అడుగులకు బదులు 43 అని వ్రాశాను. భద్రాచలంలో 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది. ఆ అయిదడుగుల తేడాలో పల్లపు గూడెం ఒకటి ఇల్లు ఖాళీ చేయడమా, నిద్రపోవడమా అన్నది తేలుతుంది. వార్త చదవబోయే పెద్దాయన కాగితం చూచి, “ఇంతకు ముందు గంటలో 47 దాటినది, నీరు పెరుగుతున్నది కదా, ఈ 43 ఎక్కడిది?” అన్నారు. మరల ఫోను చేసి సరిదిద్దుకొన్నాను. ఆయనను కాపాడినది మేధ కాదు, క్రొత్త అంకె వేసేముందు పాత అంకెను చూచే అలవాటు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు ఎక్కిన నది అది. నాటినుండి నేను ఒక వేళ రెండు ఫోనులు ఎత్తలేదు.

ప్రసారశాలలో మైకు తెరచి ఉన్నంతసేపు తలుపుపైన ఎర్రదీపం వెలుగుతుంది. ఎంతటివారైనను లోపలికి అడుగుపెట్టరు. కచేరీ బల్లకు ఆ దీపం లేదు. మనమే వెలిగించుకోవలెను. ఉదయం మనస్సు తేటగా ఉన్న మొదటి గంటను అన్నింటికన్న కఠినమైన దస్త్రానికి కేటాయించవలెను. తపాలు, సందేశాలు రోజుకు రెండు మూడు నియత వేళలలో చూస్తే చాలును. నిజమైన అత్యవసరం మనిషినే పంపుతుంది. దస్త్రం మధ్యలో లేవవలసివస్తే, తరువాత చేయవలసిన పని ఏమిటో ఒక వాక్యం వ్రాసి లేవవలెను. తిరిగి వచ్చినప్పుడు మొదటినుండి చదివే శ్రమ తప్పుతుంది. సాయంకాలం రేపటి మొదటి పని నిర్ణయించి గాని బీరువాకు తాళం వేయరాదు. ఫైళ్ళు కంప్యూటరులోనికి వెళ్ళినంతమాత్రాన ఈ నియమాలు మారవు.

ఇక ఒక్క హెచ్చరిక. ఏకాగ్రత పేరుతో మనుష్యులను తరిమివేయరాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టం క్రింద గ్రామసభ నిర్ణయం నచ్చనివారు ఉపవిభాగ స్థాయి కమిటీకి అరవై దినాలలోపల విన్నవించుకోవలెను. దానిమీద జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళడానికి మరల అరవై దినాలే గడువు. ఒక కోయ రైతు ఆ తీర్మానం నకలుకోసం ఒకనాటి కూలి వదులుకొని, వాగు దాటి, బస్సెక్కి వస్తాడు. ‘రేపు రా’ అనే మాట మనకు మూడక్షరాల పని. అతనికి గడువులో మరొక రోజు, సంపాదనలో మరొక కూలి.

కిటికీవద్ద నిలిచిన ఆ మనిషి మన పనికి అంతరాయం కాదు. మన పని అతడే. బంగారు లేడి ఏది, మారీచుని కేక ఏది, ఆదుకోమని పిలిచే నిజమైన గొంతు ఏది అని గుర్తించగలగడమే కచేరీ ఉద్యోగికి కావలసిన ఏకాగ్రత. రిజిస్టరులు, నియమాలు, వేళలు అన్నీ ఆ గొంతు వినబడేటంత నిశ్శబ్దాన్ని మనకు కల్పించడానికే ఉన్నవి.