చక్కెర వ్యాధి – దాంపత్య జీవితం

షుగరు వ్యాధి ముదిరితే కళ్ళు, కాళ్ళు, మూత్రపిండాలు దెబ్బతింటాయని మన గ్రామాల్లో చాలామందికి తెలుసు. మగవారిని బాధించే మరొక సంగతి ఉంది. దాన్ని వారు డాక్టరుకు చెప్పరు, భార్యకూ చెప్పరు. అదే అంగస్తంభన లోపం. కుటుంబమంతా చదివే పత్రికలో ఇది రాయవచ్చునా అని కొందరనుకోవచ్చు. కాని ఈ మౌనం వలన కాపురాల్లో అనుమానాలు పెరుగుతాయి గనుక రాయడమే మంచిదని మేము తలచాము.

ఇది చేతబడి కాదు, చిన్నతనపు తప్పులకు శిక్షా కాదు. కోరిక కలిగినప్పుడు నరాల ద్వారా కబురు అంది, అంగంలోని రక్తనాళాలు వదులై రక్తంతో నిండుతాయి. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే ఆ నరాలు దెబ్బతింటాయి, రక్తనాళాలు పాడవుతాయి. కొందరిలో పురుష హార్మోను తగ్గి కోరికే మందగిస్తుంది. చుట్ట, బీడీ, సారా ఈ నష్టాన్ని ఇంకా పెంచుతాయి.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుండి 70 ఏళ్ళ పురుషులను పరిశీలించి 1994లో ఫలితాలు ప్రకటించారు. పూర్తి స్థాయి లోపం అందరిలో కలిపి నూటికి సుమారు 10 మందికి ఉండగా, షుగరుకు చికిత్స పొందుతున్న వారిలో 28 మందికి ఉంది.

మరి చక్కెరను అదుపులో ఉంచితే మేలు కలుగుతుందా? తప్పక కలుగుతుంది. ఇన్సులిన్ తప్పనిసరైన టైప్ 1 రోగులపై అమెరికా, కెనడాలలో జరిగిన పెద్ద పరిశోధన 1993లో ముగిసింది. చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో నరాల జబ్బు సుమారు 60 శాతం తగ్గింది. అయితే బాగా దెబ్బతిన్న నరాలు తిరిగి కోలుకోవడం కష్టం. అందుచేత ఆలస్యం చేయరాదు. గత రెండు మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకోండి. చాలామందికి అది 7 శాతం లోపు ఉండటం మంచిది. వృద్ధులకు ఎంత ఉండాలో డాక్టరు చెబుతారు.

ఇంకొక హెచ్చరిక. అంగానికి వెళ్ళే రక్తనాళాలు గుండె రక్తనాళాలకంటే సన్ననివి. కాబట్టి లోపం ముందుగా ఇక్కడ కనబడి, తరువాత గుండెజబ్బు బయటపడవచ్చు. సిగ్గుపడి దాచుకుంటే ప్రాణానికే ముప్పు.

లాడ్జీల్లో దిగి, గోడల మీద ప్రకటనలు రాయించే వైద్యుల దగ్గరకు పోకండి. కొన్ని మూలికా మందుల్లో సిల్డెనాఫిల్‌ను రహస్యంగా కలిపినట్లు పరీక్షల్లో బయటపడింది. ఛాతీనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవారు సిల్డెనాఫిల్ మింగితే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. డాక్టరు పరీక్షించి ఇస్తే ఇదే మందు చాలామందికి పనిచేస్తుంది. కొన్ని బి.పి. మాత్రల వలన కూడా ఈ లోపం రావచ్చు. అయినా వాటిని మీ అంతట మీరు మానవద్దు.

సహోదరీలారా, భర్త దూరంగా ఉంటున్నాడంటే మనసు మరొకచోట ఉందని వెంటనే నిర్ణయించుకోకండి. అతడు లోలోపల కుమిలిపోతూ ఉండవచ్చు. సహోదరులారా, ఈసారి షుగరు పరీక్షకు భార్యను వెంటబెట్టుకొని వెళ్ళి, డాక్టరుతో ఈ ఒక్కమాట కూడా చెప్పండి. వారికిది కొత్త సంగతి కాదు.