గాలి గిట్టని క్రిములు: అపోహలు – వాస్తవాలు

వాన మొహం చాటేసి వేరుశనగ పోయిన ఏడు అనంతపురం జిల్లా కుందుర్పి పల్లెలను ఆదుకునేవి జీవాలే. ఆ మందల్లో తొలకరి తర్వాత రాత్రికి రాత్రే గొర్రెలు పడిపోవడానికి ఓ ముఖ్య కారణం చిటుక రోగం. దాన్ని తెచ్చే బాక్టీరియాకు ఆక్సిజన్ గిట్టదు. దాని గురించీ, అలాంటివాటిని పెంచే ల్యాబు పెట్టెల గురించీ అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: నిగనిగలాడే గొర్రె తెల్లారేసరికి చచ్చిందంటే దిష్టి తగిలినట్టే.
వాస్తవం: చిటుక ఎక్కువగా పట్టేది బాగా మేసి ఒళ్లు చేసిన జీవాలనే. లేత పచ్చిక, గింజలు ఒక్కసారిగా ఎక్కువ తింటే, పేగుల్లో అప్పటికే ఉన్న క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ టైప్-డి విపరీతంగా పెరిగి ఎప్సిలాన్ అనే విషం వదులుతుంది. అది రక్తంలో కలిసి మెదడును దెబ్బతీస్తుంది.

అపోహ: ఆక్సిజన్ లేకుండా ఏ జీవీ బతకదు.
వాస్తవం: బతుకుతుందని లూయీ పాశ్చర్ 1861లోనే చూపాడు. 1889లో జపాన్ శాస్త్రవేత్త కిటసాటో హైడ్రోజన్ వాయువులో ధనుర్వాతం బాక్టీరియాను విడిగా పెంచాడు.

అపోహ: ఈ క్రిములను పెంచే అనరోబిక్ చాంబర్ అంటే గాలి తోడేసిన ఖాళీ పెట్టె.
వాస్తవం: లోపల వాయువులు నిండుగానే ఉంటాయి. సాధారణంగా నైట్రోజన్ 85, హైడ్రోజన్ 10, కార్బన్ డయాక్సైడ్ 5 శాతం. మిగిలిపోయిన ఆక్సిజన్‌ను పల్లేడియం సాయంతో హైడ్రోజన్ నీరుగా మార్చేస్తుంది. పెట్టెకు బిగించిన గ్లోవ్స్‌లో చేతులు దూర్చి పనిచేస్తారు. లోపల ఉంచిన రెసజురిన్ ద్రవానికి రంగు లేకపోతే అంతా సవ్యం. గులాబీ రంగుకు తిరిగిందంటే ఎక్కడో గాలి జొరబడినట్టే.

అపోహ: చాంబర్ ఎందుకు, మూసిన జాడీలో కొవ్వొత్తి ఆరితే ఆక్సిజన్ అయిపోయినట్టే.
వాస్తవం: గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. అది 16 దగ్గరకు దిగేసరికే మంట ఆరిపోతుంది, మిగతా ఆక్సిజన్ జాడీలోనే ఉండిపోతుంది.

అపోహ: గాలి సోకితే ఈ క్రిములన్నీ చస్తాయి.
వాస్తవం: పెర్‌ఫ్రింజెన్స్ కాసేపు గాలిని ఓర్చుకుంటుంది. దాని స్పోర్లు మట్టిలో ఏళ్ల తరబడి నిలుస్తాయి. దాన్ని పెంచడానికి గట్టి మూత ఉన్న అనరోబిక్ జాడీ చాలు. అదే గొర్రె పొట్టలో మీథేన్ తయారుచేసే జీవులైతే కొద్దిపాటి ఆక్సిజన్‌నూ తట్టుకోలేవు. చాంబర్ అసలు అవసరం అలాంటివాటికే.

అపోహ: చచ్చిన గొర్రె పేగులో ఆ బాక్టీరియా దొరికితే రోగం రుజువైనట్టే.
వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న గొర్రెలోనూ అది ఉంటుంది. ప్రాణం పోయాక ఇంకా పెరుగుతుంది. అందుకే పేగులోని పదార్థంలో ఎప్సిలాన్ విషం ఉందో లేదో పరీక్షిస్తారు. కళేబరం ఎండకు ఉబ్బిపోయాక పశువైద్యుణ్ని పిలిచి లాభం లేదు. వెంటనే కబురు చేస్తే చిన్నపేగు ముక్కను రెండు కొసలా దారంతో కట్టి, ఐసులో పెట్టి ల్యాబుకు పంపుతారు.

అపోహ: టీకాతో లేని రోగం అంటుకుంటుంది.
వాస్తవం: చిటుక టీకాకు వాడే బాక్టీరియాను గాలి తగలకుండా పెంచి, ఫార్మలిన్‌తో చంపి, దాని విషం కోరలు పీకేస్తారు. హైదరాబాద్ శాంతినగర్‌లోని వెటర్నరీ బయోలాజికల్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి టీకాలు తయారుచేస్తుంది. రోగం బయటపడ్డాక మందు పోసే వ్యవధి చిటుక ఇవ్వదు. తొలకరికి ముందే మందంతటికీ టీకా వేయించాలి. మొదటిసారి వేయిస్తే రెండు మూడు వారాలకు బూస్టర్ కూడా తప్పదు.