నీటిరంగుల్లో అత్తగారు

మీ అత్తగారినో, అమ్మనో ఎప్పుడైనా అరగంటసేపు తేరిపార చూశారా? ఒకే ఇంట్లో ఉంటాం, మూడు పూటలా వడ్డిస్తాం. ఆవిడ ఎడమ కనుబొమ కుడిదానికన్నా కాస్త పైకి ఉంటుందని మాత్రం గమనించం. మైలవరంలో మా అత్తగారి బొమ్మ నీటిరంగుల్లో వేద్దామని కూర్చున్నాకే నాకూ తెలిసింది.

మైలవరం నుంచి బెజవాడ వెళ్ళే దారిలోనే కొండపల్లి. అక్కడి పొణికి చెక్క బొమ్మలకు కళ్ళూ మీసాలూ స్పష్టంగా దిద్దుతారు. బొమ్మంటే అలాగే ఉండాలనుకుంటాం మనం. నీటిరంగుల తీరు వేరు. ఇందులో కొంత వేయాలి, కొంత వదిలెయ్యాలి.

కావలసినవి: 300 జి.ఎస్.ఎం. కాగితం (పల్చటిది ముడతలు పడుతుంది), 10వ నంబరు గుండ్రటి బ్రష్షు, రెండు గ్లాసుల నీళ్ళు, పాత నూలుగుడ్డ, మూడే రంగులు - ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ నీలం.

ఆవిడను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. పెన్సిలుతో తేలిగ్గా నాలుగు గీతలు చాలు. ఆకర్‌లో కాస్త సియెన్నా కలిపి, పల్చటి మజ్జిగలా చేసి ముఖమంతా పరచండి. నుదుటిమీద, ముక్కుమీద వెలుగు పడ్డచోట కాగితాన్ని తెల్లగా వదిలెయ్యండి. తరవాత తెద్దామంటే ఆ తెలుపు రాదు. తడి ఆరకముందే నీడవైపు సియెన్నాలో నీలం కలిపి అద్దండి, దానంతటదే పాకుతుంది. ఆరాక రంగు వెలుస్తుంది కనుక పిసరు చిక్కగానే వేయండి.

సగం ఆరినప్పుడు మాత్రం చెయ్యి పెట్టకండి. సరిచేద్దామని నేను తడి బ్రష్షు తాకిస్తే చెంపమీద పెద్ద మరక తేలింది! పూర్తిగా ఆరాకే కళ్ళు, పెదవులు దిద్దండి. జుట్టు, చీర నాలుగు విసురుల్లో తేల్చెయ్యండి. వేసవిలో కాగితం ఇట్టే ఆరిపోతుంది, ఫ్యాను ఆపి పొద్దున్నే వేసుకోండి.

‘ఇంటి పనితో మనకెక్కడ కుదురుతుంది’ అనకండి. 28 ఏళ్ళు నిండకుండానే 1925లో కన్నుమూసిన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారి భార్య సత్యవాణి గారూ, సోదరి బుచ్చి కృష్ణమ్మ గారూ బొమ్మలు వేసినవారే.

మా అత్తగారు బొమ్మ చూసి, “ఇంత ముసలిదాన్నయ్యానుటే?” అన్నారు. కాసేపాగి, “ఈ కళ్ళు మా అమ్మవే. ఆవిడకి ఒక్క ఫొటో కూడా లేదు” అన్నారు. మరక పడిన ఆ బొమ్మనే ఫ్రేము కట్టించాం.

మీరూ వేయండి. వెనక పేరూ, తేదీ రాయడం మరిచిపోకండేం!