చివరి బెంచీకి మాట్లాడే వంతు

'అర్థమైందా?' అని టీచర్ అడిగితే తరగతంతా 'అర్థమైంది సార్' అంటుంది. అందులో ఎవరి గొంతు లేదో ఎవరూ గమనించరు. నోరు మెదపని పిల్లలకు 'డల్' అనే ముద్ర పడుతుంది. ఇంట్లో మొదటిసారి బడి మెట్లెక్కిన దళితవాడల పిల్లలకు ఇది మరీ ఎక్కువ. జవాబు తెలిసినా, తప్పయితే నవ్వుతారని, యాసను వెక్కిరిస్తారని వాళ్లు ఆగిపోతారు.

1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. అక్కడ మూట్ కోర్టులో వాదించడం చదువులో భాగం. మేడ్చల్, శామీర్‌పేట సర్కారు బడుల్లోని కూలీల పిల్లలకు మాత్రం ఎదురు ప్రశ్న వేస్తే క్రమశిక్షణ లేనట్టా? విద్యాహక్కు చట్టం-2009లోని 29వ సెక్షన్, పిల్లలు భయం లేకుండా అభిప్రాయం చెప్పేలా చదువు ఉండాలంటోంది. అంటే చర్చ పిల్లల హక్కు.

'ఎవరైనా చెప్పండి' అని వదిలేస్తే ముందు బెంచీల్లోని నలుగురే మాట్లాడతారు. ప్రశ్న వేశాక ఒక నిమిషం ఆలోచించుకోనివ్వాలి. ముందు పక్కవారితో, తర్వాత నలుగురి గుంపులో మాట్లాడించాలి. ఒకసారి గుంపులో చెప్పిన మాటను అందరి ముందు చెప్పడానికి జంకు తగ్గుతుంది. గుంపు తరఫున లేచి చెప్పే వంతు, కూర్చునే చోటు మారుతూ ఉండాలి. మాట మధ్యలో యాస దిద్దకూడదు. 'అమ్మ కూలి, నాన్న కూలి ఒక్కటే ఎందుకు కాదు?' అని అడిగి చూడండి. లెక్కలూ వస్తాయి, సాంఘికశాస్త్రమూ వస్తుంది. ఆ విషయం కూలీ బిడ్డకే బాగా తెలుసు.

ఒక హెచ్చరిక. 'రిజర్వేషన్లు అవసరమా?' అని డిబేట్ పెట్టి దళిత విద్యార్థిని బోనులో నిలబెట్టకూడదు. 'నీ అనుభవం చెప్పు' అని బలవంతంగా లేపకూడదు. కులం గురించి చర్చను రాజ్యాంగం 17వ అధికరణతో మొదలుపెట్టాలి. ప్రశ్నలు అంటరానితనాన్ని పాటించేవాళ్లకు తగలాలి.

సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న అంబేడ్కర్, 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయ సెమినార్‌లో భారతదేశంలోని కులాలపై పత్రం చదివారు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. తెలివి సతారాలోనూ ఉంది, వినే గది న్యూయార్క్‌లో దొరికింది. మన పిల్లలకు ఆ గది మేడ్చల్‌లోనే దొరకాలి. ఈ వారం మీ తరగతిలో ఒక్కసారి కూడా మాట్లాడనిది ఎవరో రాసి పెట్టుకోండని టీచర్లను కోరుతున్నాం. వచ్చే వారం మొదటి వంతు వాళ్లదే కావాలి.